బండి మాడుకు ఆముదం

మొన్న నాగర్‌కర్నూల్‌లో ఒక పెళ్ళికి పోయి వస్తుంటే దారిలో పెట్రోలు బంకు దగ్గర కారు ఆపారు. మిట్టమధ్యాహ్నం, వైశాఖపు ఎండ. బంకు మనిషి టాంకు మూత తిప్పగానే లోపలి నుంచి ఉస్సుమని గాలి చప్పుడు వచ్చింది. కళ్ళు మూసి తెరిచేంతసేపు, అంతే. ఎవరూ పట్టించుకోలేదు. వెనక సీట్లో కూర్చున్న నేను మాత్రం "అదే! అదే చప్పుడు!" అని కేక పెట్టాను. డెబ్భై ఏడేళ్ళ మనిషి పెట్రోలు బంకులో కేక పెడితే పక్కవాళ్ళు ఏమనుకుంటారు? మా తమ్ముడి కోడలు నీళ్ళ సీసా మూత తీసింది, డ్రైవరు దవాఖాన ఎంత దూరమో అడిగాడు. నాకేం కాలేదర్రా, ఒక కథ గుర్తొచ్చిందని చెప్పడం మొదలుపెట్టాను. సగం కాకముందే ఇల్లు వచ్చేసింది, ఎవరి గదుల్లోకి వాళ్ళు పోయారు. ముప్పై అయిదేళ్ళు పంతులమ్మగా బతికినదాన్ని, మొదలుపెట్టిన పాఠం మధ్యలో వదలడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాలేదు. మా ఊరు వనపర్తికి ఇవతల, నల్లరేగడి తక్కువ, రాళ్ళు ఎక్కువ. ఆముదాలు, జొన్నలు తప్ప మరొకటి పండని నేల. ఆ ఏడు ఆముదాలు విరగపండాయి. అందరూ ఎడ్లు కొన్నారు, బావులు తవ్వించారు. మా చిన్నాయన మాత్రం గద్వాలకు పోయి ఒక వకీలు దగ్గర పాత మోటారు కొన్నాడు. కృష్ణ దాటించడానికి రెండు పడవలు జోడించి, పైన పలకలు పరిచి, బండిని ఎక్కించారట. పడవవాళ్ళు దిగమన్నా దిగకుండా నది మధ్యలో కూడా స్టీరింగు పట్టుకునే కూర్చున్నానని చిన్నాయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నది మీద స్టీరింగు దేనికని అడిగితే కోపం వచ్చేది. అమెరికా బండి, నల్లరంగు, పైన గుడ్డ కప్పు. దాని పెట్రోలు టాంకు వెనక ఉండదు. ముందు కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకు ఎదురుగా, అద్దం కిందనే ఉంటుంది. పెట్రోలు పై నుంచి దానంతటదే సన్నని రాగి పైపులో ఇంజనులోకి జారుతుంది. ఆ టాంకు మూత మాత్రం బయట, అద్దానికి ముందు, బండికి సరిగ్గా నడినెత్తిన, గుండ్రంగా తళతళలాడుతూ ఉండేది. ఈ మూత సంగతి గుర్తుపెట్టుకోండి, ఊరికే చెప్పడం లేదు.

చిన్నాయన భార్య మా చిన్నమ్మ. పొట్టిగా, గట్టిగా ఉండేది. నవ్వితే వీధి చివరికి వినపడేది. అక్షరం ముక్క రాదు. కానీ మా పక్క వీధిలో పాఠాలు చెప్పే ఉస్తానమ్మ దగ్గర నేను ఉర్దూ, లెక్కలు నేర్చుకుంటుంటే వంటపని చెప్పి పిలవకుండా కాపలా కాసింది ఆమె ఒక్కతే. "ఆ పిల్లను పిలువకుండ్రి, నేను చేస్త" అని రోలు ముందు కూర్చునేది. ఆమెకు తెలిసిన వైద్యం ఒకటే. ఎండాకాలం వస్తే ఇంట్లో అందరి మాడుకూ ఆముదం. పిల్లలు, పెద్దలు, జీతగాళ్ళు, చివరికి లేగదూడ కూడా తప్పించుకోలేదు. కళ్ళు మండినా, ముక్కు నుంచి రక్తం కారినా, ఎవరికైనా కారణం లేకుండా కోపం వచ్చినా ఆమె తీర్పు మారేది కాదు. వేడి చేసింది, మాడుకు ఆముదం పెట్టాలి.

బండి మొదటిసారి ఆగింది ఉగాది పోయిన వారానికి. కొత్తకోట ఎత్తు మీద గుర్రుమని దగ్గి నిలబడిపోయింది. ఎడ్లు కట్టి వనపర్తికి లాక్కుపోతే అక్కడి మిస్త్రీ, పెద్ద తుర్కీ టోపీ ముసలాయన, ఇంజను మూత ఎత్తి చాలాసేపు నడిపించి చూశాడు. రాగి పైపు మీద వేలు పెట్టి చటుక్కున తీసుకున్నాడు. "పటేల్ సాబ్, ఈ పైపు పొగగొట్టానికి ఆనుకొని ఉంది. ఎండకు, మంటకు పెట్రోల్ లోపలనే ఆవిరైపోతుంది. ఇంజన్‌కు చేరేది ఉత్త గాలే" అన్నాడు. పైపును పక్కకు వంచి, తాడు చుట్టి, ఆగితే తడిగుడ్డ వేయమని చెప్పి పంపాడు. ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. జబ్బు అక్కడితో కుదిరిపోయింది కూడా. కుదిరిందని మాకెవరికీ తెలియకుండా చేసింది మా చిన్నమ్మ.

చిన్నాయన ఇంటికొచ్చి బండి వేడికి ఆగిందట అని చెప్పగానే ఆమె ముఖం చూడాలి! బండికి కూడా వేడి చేస్తుందని ఇంతకాలం తనకెవరూ చెప్పనందుకు నొచ్చుకుంది. "నోరులేని దాన్ని ఎండల తిప్పితే వేడి చేయదా?" అని గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది. ముందువైపు ఇంజనుకు నీళ్ళు పోసే మూత ముక్కట, కాబట్టి అది కాదు. అద్దం కింద, నడుమ ఉన్నదే మాడు. అరచేతితో ఆముదం పోసి, ఇంకేలా మర్దన చేసింది. మంగళవారం, శుక్రవారం దాని మీద పసుపు, పైన కుంకుమ బొట్టు. చిన్నాయన నవ్వాడే గాని వద్దనలేదు. ఆ పసుపు బొట్టుతో బండి బాగుందని మేమంతా మురిసిపోయాం. దారి దుమ్ము వచ్చి ఆ ఆముదానికి అంటుకునేది, మళ్ళీ ఆముదం, మళ్ళీ పసుపు. నెల తిరిగేసరికి మూత మీద చిన్న అట్టు తయారైంది.

ఇక బండి ఆగడం మొదలైంది. మొదటిసారి ఎత్తు మీద ఆగింది, ఇప్పుడు పల్లంలో కూడా. నాలుగైదు మైళ్ళు గుర్రంలా పోతుంది, తర్వాత రెండు దగ్గులు దగ్గి నిలబడుతుంది. అరగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ కదులుతుంది. తడిగుడ్డలు వేశాం. తడి గోనెలు కప్పాం. కుండతో నీళ్ళు వెంట తీసుకుపోయాం. ఒకసారి చిన్నాయన ఇంజను పక్కన కూర్చుని విసనకర్రతో విసరడం నేను కళ్ళారా చూశాను. ఆగిన ప్రతిసారీ చిన్నమ్మ గిన్నె పెద్దదయ్యేది. ఇంట్లో రాయడం వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి చిన్నాయన నాకొక పుస్తకం ఇచ్చి, ఎక్కడ ఆగింది, ఎండ ఎంత ఉంది, ఎంతసేపటికి కదిలింది రాయమన్నాడు. నాకు పదహారేళ్ళు. ఆ పని ఇచ్చినందుకు నేను నేలమీద నడిస్తే ఒట్టు.

ఆ పుస్తకంలో రెండు వింతలు తేలాయి. ఒకటి, తెల్లవారుజామున చలిగాలిలో కూడా బండి ఆగింది. నేనది చూపిస్తే చిన్నాయన "నిన్నటి వేడి లోపల మిగిలి ఉంటది" అని కొట్టిపారేశాడు. రెండోది, ఆగినప్పుడు డబ్బాలోని పెట్రోలు పోస్తే అరగంట ఆగే పని లేకుండా వెంటనే కదిలేది, టాంకులో సగం పెట్రోలు ఉన్నా సరే. "ఆకలైనట్టుంది" అన్నాడు చిన్నాయన. నాకు ఒళ్ళు మండింది. సగం నిండిన కడుపుకు అంత ఆకలేమిటని అడిగితే, మోటారు సంగతి ఆడపిల్లకేం తెలుస్తుందన్నట్టు చూశాడు. పుస్తకం రాసేది నేను, చదివేది నేను, తెలియనిది కూడా నాకేనట!

ఇంతలో ఆ ఉత్తరం వచ్చింది. హైదరాబాదులో ఆడపిల్లల బడి, ఉండడానికి హాస్టలు, చదువు అయ్యాక పంతులమ్మ పని. ఉస్తానమ్మ తన చెల్లెలి ద్వారా నా పేరు ఎక్కించింది. టపా మనిషి ఉత్తరం తెచ్చేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. చింపి చూస్తే పరీక్ష రేపు పొద్దున్నే! ఉత్తరం దారిలో ఎక్కడో వారం రోజులు నిద్రపోయి వచ్చింది. పరీక్షకు రానివాళ్ళకు చోటు లేదని కింద గీత గీసి మరీ రాశారు. మా స్టేషనుకు పదిహేను మైళ్ళు. హైదరాబాదు రైలు మధ్యాహ్నం మూడింటికి. ఎడ్లబండిలో చీకటి పడేదాకా చేరం.

మా నాయినకు మొదటి నుంచీ నా చదువు మీద సగం మనసే. మిగతా సగం అమరచింత నుంచి వచ్చిన సంబంధం మీద ఉంది. ఆయన వరండాలో నిలబడి ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, అందరూ వినేటట్టు అన్నాడు. "సరే, తోలుకపోత. రైలు దొరికితే సదువు. దొరకకుంటే దేవుడు వద్దన్నట్టే. రేపే అమరచింతకు ఖాయమని కబురు పంపుత. మల్ల ఎవరు ఏడ్చినా వినను." అమరచింత పెళ్ళికొడుకును నేను చూడలేదు. మంచివాడే కావచ్చు, పాపం. కానీ ఆ క్షణాన నా బతుకంతా ఆ దగ్గు బండి మీద ఆధారపడింది. 

చిన్నమ్మ అటుకుల మూట కట్టింది, నా జడ వేసింది.  తర్వాత పెద్ద చెంబుతో బయటికి పోయి ఆముదం మొత్తం బండి మాడు మీద కుమ్మరించింది. అప్పటికప్పుడు పసుపు ముద్ద చేసి మూత చుట్టూ వేళ్ళతో ఒత్తి ఒత్తి మెత్తింది. "తల్లీ, ఇయ్యాల ఒక్కదినం ఆగకు. ఈ పిల్లను రైలెక్కియ్యి" అని బండికి దండం పెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నాకూ ఏడుపు వచ్చింది.

బయల్దేరేసరికి పన్నెండు దాటింది. చిన్నాయన స్టీరింగు దగ్గర, నాయిన ఆయన పక్కన, నేను వెనక, నా పక్కన నీళ్ళ కుండ. అయిదో మైలు దగ్గర బండి దగ్గింది. నాయిన మీసం దువ్వుకున్నాడు. అరగంట తడిగుడ్డలు పిండాం. కదిలింది. కొత్తకోట దాటాం, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకా నాలుగు మైళ్ళు ఉందనగా, చుట్టూ రాళ్ళ గుట్టలు, తుమ్మ చెట్లు తప్ప మరేమీ లేని చోట, రెండు దగ్గులు. నిశ్శబ్దం. నాయిన గడియారం తీసి చూశాడు. రెండు దాటి అయిదు నిమిషాలు.

చిన్నాయన కుండలో మిగిలిన నీళ్ళన్నీ పైపు మీద పోశాడు. బండి ముందు హ్యాండిలు దూర్చి తిప్పాడు. చొక్కా విప్పి మళ్ళీ తిప్పాడు. "తమ్మీ, పరేషాన్ గాకు. దేవుడు చెప్పాల్సింది చెప్పిండు" అని నాయిన రోడ్డు పక్కన నీడ వెతుక్కున్నాడు. పావుగంట గడిచింది, ఇరవై నిమిషాలు గడిచాయి. నాకు కళ్ళ ముందు అమరచింత కనిపిస్తోంది. ఉన్నట్టుండి నాకు రోషం వచ్చింది. దేవుడి మీద కాదు, ఆ పైపు మీద. కిందికి దూకి, ఇంజను మూత కింద చేయి దూర్చి పైపు పట్టుకున్నాను. చల్లగా ఉంది! నీళ్ళు పోసి అంతసేపయినా, కుండ అడుగులా చల్లగా ఉంది.

"చిన్నాయినా, పైపు సల్లగున్నది! మరి ఎందుకు ఆగింది?"

"లోపల వేడి ఉంటది బిడ్డా."

"పొద్దున చలిల గూడ ఆగింది గద! పుస్తకంల రాసిన. వేడి కాదు చిన్నాయినా. పైపు ఊడబెరుకు, పెట్రోలు వస్తున్నదో లేదో చూద్దాం!"

నేనట్లా పెద్దవాళ్ళ మీద గొంతు లేపడం అదే మొదలు. నాయిన నీడలోంచి లేచి వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆయన పంచె ఎగ్గట్టి, "ఊడబెరుకురా, నేను పట్టుకుంట" అన్నాడు. చిన్నాయన ఇంజను దగ్గర పైపు విప్పాడు. నాయిన కొసను చేత్తో పట్టుకున్నాడు. రెండు చుక్కలు కారి ఆగిపోయింది. టాంకులో పెట్రోలు ఊగే చప్పుడు వినపడుతోంది, పైపులోకి మాత్రం రాదు. పైపు మూసుకుపోయిందేమోనని నాయిన నోరు పెట్టి ఊదాడు. టాంకులో బుడబుడమంది. మళ్ళీ రెండు చుక్కలు, మళ్ళీ ఏమీ లేదు. "అసలు ఎంత ఉందో పుల్ల పెట్టి చూస్త" అని చిన్నాయన పైకెక్కి, ఆముదపు మూతను రెండు చేతులా పట్టి తిప్పాడు.

ఉస్సుమన్నది. ఎవరో లోపల ఇంతసేపు ఊపిరి బిగబట్టి వదిలినట్టు. అదే క్షణాన నాయిన చేతిలోని పైపు నుంచి పెట్రోలు సర్రుమని వచ్చి ఆయన పంచె మీద, కాళ్ళ మీద పడింది. "అరెరె! వస్తుంది! వస్తుంది!" అని ఆయన ఎగిరాడు. మా నాయిన ఎగరడం అంతకుముందు గానీ, ఆ తర్వాత గానీ నేను చూడలేదు. చిన్నాయన మూత పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. నాకు మాత్రం మా వంటింటి మూల కనిపించింది. దీపాలకు గ్యాసునూనె, అదే కిరసనాయిలు, పోసే మూల.

"నాయినా! గ్యాసునూనె డబ్బకు రెండు బొక్కలెందుకు పొడుస్తం? ఒకటే పొడిస్తే నూనె పడదు. గాలి లోపలికి పోవద్దా? ఈ టాంకుకు రెండో బొక్క ఏదీ?"

ఇద్దరూ నన్ను చూశారు. తర్వాత ఇద్దరూ మూతను చూశారు. చిన్నాయన గోటితో ఆ పసుపు అట్టు గీకాడు. రాలేదు. నేను తుమ్మముళ్ళు విరిచి తెచ్చాను. ముగ్గురం మూడు ముళ్ళతో దాని మీద పడ్డాం. నల్లగా, జిగురుగా, పొరలు పొరలుగా రెండు నెలల ఆముదం ఊడి వచ్చింది. దాని అడుగున, సరిగ్గా మూత నడుమ, ఆవగింజ పట్టేంత బొక్క. కంపెనీవాడు గాలి కోసం పెట్టిన బొక్క. బండి నడుస్తుంటే పెట్రోలు తరిగేది, ఆ చోట నిండడానికి గాలి వచ్చే దారి లేదు. ఇక పెట్రోలు దిగదు. అరగంటకు ఎక్కడో సందులోంచి కాస్త గాలి దూరితే మళ్ళీ నడిచేది. ఎండ తప్పు లేదు, మిస్త్రీ తప్పు లేదు. పాపం, ఆ బండికి ఊపిరాడకుండా చేసింది మా చిన్నమ్మ ప్రేమ.

నవ్వుకోవడానికి తీరిక లేదు. పైపు బిగించి హ్యాండిలు తిప్పితే ఒక్క తిప్పుకే ఇంజను గర్జించింది. రెండూ ముప్పై అయిదు. ఆ నాలుగు మైళ్ళు చిన్నాయన నడిపిన తీరు నేను చెప్పలేను. గుంత వచ్చినప్పుడల్లా నా తల గుడ్డ కప్పుకు తగిలేది. గొర్రెల మంద అడ్డం వస్తే నాయినే లేచి నిలబడి తువ్వాల ఊపుతూ "జరుగుండ్రి! పిల్ల పరీక్షకు పోతున్నది! జరుగుండ్రి!" అని అరిచాడు. పిల్ల పరీక్షకు పోతున్నది! అమరచింత సంగతి ఆయన నోటి నుంచి నాకు మళ్ళీ వినపడలేదు. దూరంగా రైలు కూత వినిపించింది, మా బండి దగ్గలేదు. మేం స్టేషను ముందు దుమ్ము లేపుకుంటూ ఆగేసరికి రైలు వచ్చి నిలబడి ఉంది. నాయిన నా పెట్టె నెత్తిన పెట్టుకుని పరుగెత్తాడు, నేను ఆయన వెనక, చిన్నాయన అటుకుల మూటతో నా వెనక. నాయినా నేనూ ఎక్కాం. కూర్చున్నాం. ఊపిరి పీల్చుకుంటే రైలు పెట్టె అంతా పెట్రోలు వాసన. నాయిన పంచె చూసి ఎదురుగా బీడీ తీసిన పెద్దమనిషి మళ్ళీ జేబులో పెట్టుకుని అవతలి బల్లకు పోయాడు.

రైలు కదులుతుంటే చిన్నాయన కిటికీ చువ్వలు పట్టుకుని నాతో పాటు నాలుగడుగులు నడిచాడు. "మీ చిన్నమ్మకు చెప్పకు బిడ్డా" అన్నాడు. నేను చెప్పనన్నాను.

పరీక్ష రాశాను, చోటు దొరికింది. దసరా సెలవులకు ఇంటికొస్తే బండి మూత పక్కన కొత్తగా ఒక ఇత్తడి బుడిపె బిగించి ఉంది. అసలైన మాడు ఇదేనని మిస్త్రీ చెప్పాడని చిన్నాయన చిన్నమ్మకు నమ్మబలికాడట. ఆమె దానికే ఆముదం పెట్టి, దానికే బొట్టు పెట్టేది. బండి ఇనుపసామానుకు పోయేదాకా ఎండాకాలం తప్పకుండా పెట్టింది. నేనూ చిన్నాయనా ఒకరి ముఖం ఒకరం చూసి నవ్వుకునేవాళ్ళం. ఆమెను ఎంత బాగా మోసం చేశామని మాకు లోపల గర్వం.

చిన్నాయన పోయిన చాలా ఏళ్ళకు, నేను ఉద్యోగం విరమించి ఊరికి పోయినప్పుడు, చిన్నమ్మ నా తలకు ఆముదం రాస్తూ మామూలుగా అడిగింది.

"ఆ దినం నా ఆముదంతోనే గద బండి ఆగింది?"

నేను గిరుక్కున ఆమె వైపు తిరిగాను. ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవరు చెప్పాలె? ఆ మాపటికే బండి వచ్చింది. మూత మీద ముల్లు గీతలు, నడుమ బొక్క. గ్యాసునూనె డబ్బ నాకు తెల్వదా? ఇల్లంత దీపాలు పెట్టేది నేనే గద."

"మరి ఆ ఇత్తడి బుడిపెకు అన్నేండ్లు ఎందుకు రాసినవు?"

"నా మనసు నొవ్వొద్దని ఆయన చేయించిండు. రాయకుంటే నాకు తెలిసిందని ఆయనకు తెలుస్తది." ఆమె చేయి నా మాడు మీద ఆగింది. "చోటు దొరికిందని నీ ఉత్తరం వచ్చేదాక నాకు బువ్వ దిగలేదు బిడ్డా. రైలు దొరకకపోతే నీ సదువు మింగినదాన్ని నేనే అయితుంటి. ఇప్పటికీ ఎండలు ముదిరితే అదే యాదికొస్తది."

నేను నవ్వించబోయాను, ఆమె నవ్వలేదు. ఆ రోజు దారిలో మాకు పోయింది మహా అయితే ఒక గంట. రైలెక్కగానే నేను దాన్ని మర్చిపోయాను. ఆమె ఆ గంటను నలభై ఏళ్ళు మోసింది.